ఇసుక మూట 23 కిలోలు: నాలుగేళ్ళ ఒంటి లెక్కల డైరీ

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర నాది రొయ్యల మేత, మందులు అమ్మే షాపు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా కుర్చీలోనే ఉంటాను. 2021 జూన్‌లో నాకు 42 ఏళ్ళు, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 96.4 కిలోలు. మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కి ముందు దశ అంటారు. మా నాన్న ఇరవై ఏళ్ళు షుగర్‌తో అవస్థ పడి, ఆఖరికి కాలి వేలు తీయించుకున్నాడు. అందుకే ఆ 6.1 చూసి ఊరుకోలేకపోయాను.

మొదటి నెల ఉత్సాహం గురించి రాయను, అది అందరికీ ఉంటుంది. నాకు మూడు సార్లు దెబ్బ తగిలింది. మూడు సార్లూ మానేసి మళ్ళీ మొదలుపెట్టిన పది రోజుల్లోపే. ఆ సంగతి పట్టుకోవడానికి రెండున్నరేళ్ళు పట్టింది. ఈ డైరీ చదివినవాళ్ళకి అంత టైమ్ పట్టకూడదు.

దశ 1: నడక, తూకం (2021 జూన్ 7 – నవంబర్ 18)

పొద్దున కాలవ గట్టు మీద నడక. జూన్‌లో 3 కిలోమీటర్లు, ఆగస్టుకి 5, అక్టోబర్‌కి 6.5. నడకలో చెప్పుకోవాల్సిన తప్పు లేదు. తప్పంతా కొలతల్లో జరిగింది.

1,150 రూపాయలు పెట్టి డిజిటల్ తూకం కొన్నాను. రోజుకి నాలుగు సార్లు ఎక్కేవాణ్ణి. జూలై 11 ఆదివారం మా ఆవిడ బొమ్మిడాయిల పులుసు పెట్టింది. సోమవారం పొద్దున చూస్తే ముందురోజు కన్నా 1.4 కిలోలు ఎక్కువ. ఆ టెన్షన్‌లో మధ్యాహ్నం అన్నం మానేశాను. రాత్రి ఆకలికి తట్టుకోలేక రెండు పూటల తిండి ఒకేసారి తిన్నాను. ఇలాంటి సోమవారాలు మూడు గడిచాయి.

ఒక్క రాత్రిలో కిలోన్నర కొవ్వు పట్టదు. కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, ఎంత పులుసు తిన్నా అంత రాదు. పులుసులో ఉప్పు, ఆ ఉప్పు ఒంట్లో నిలబెట్టిన నీళ్ళు, ఇంకా అరగని అన్నం, అంతే. షాపుకి వచ్చే ఒక రైతు నా గోల విని, "ఏందబ్బయా, చెరువులో ఒక్క మూల వల ఇసిరి కౌంటు చెప్తే నువ్వు ఒప్పుకుంటావా?" అన్నాడు. నాలుగు మూలలా వల విసిరి, సగటు తీసి, కిలోకి ఎన్ని రొయ్యలో చెప్పడం మాకు రోజూ ఉండే పనే. నా ఒంటికి మాత్రం ఆ పద్ధతి వాడలేదు.

ఆ వారం నుంచి ఇలా మార్చాను:

1. పొద్దున బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, నీళ్ళు తాగకముందే ఒక్కసారి ఎక్కాలి.
2. తూకం గట్టి గచ్చు మీద ఉండాలి. చాప మీద పెడితే నాది 0.8 కిలోలు తక్కువ చూపించింది.
3. అంకె రాసి వదిలేయాలి. ఆదివారం ఏడు అంకెలు కలిపి ఏడుతో భాగించాలి.
4. ఈ వారం సగటుని పోయిన వారం సగటుతోనే పోల్చాలి.

టేపు దగ్గర రెండో తప్పు జరిగింది. ప్యాంటు కట్టే చోట, అంటే పొట్ట కింద కొలిచి 98 సెంటీమీటర్లు అని రాసుకున్నాను. కొలవాల్సింది అక్కడ కాదు. పక్కటెముకల్లో ఆఖరిదానికీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో, ఊపిరి వదిలాక, టేపు ఒంటికి ఆనేలా పెట్టి కొలవాలి. అలా కొలిస్తే 108 వచ్చింది. మనవాళ్ళలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటితే ఎక్కువ అని లెక్క. పది సెంటీమీటర్ల తేడాతో నన్ను నేనే మోసం చేసుకుంటూ వచ్చాను.

ఇంకో లెక్క. నా బరువుకి 5 కిలోమీటర్లు నడిస్తే కూర్చున్నదానికన్నా అదనంగా ఖర్చయ్యేది సుమారు 240 కేలరీలు. రోజుకి ఆరు టీలు, టీకి రెండు స్పూన్ల పంచదార అంటే 60 గ్రాములు, అదీ 240 కేలరీలే. గంట నడకా ఆరు టీల పంచదారా సమానం! సెప్టెంబర్ నుంచి పంచదార లేని టీ, రోజుకి మూడే. మొదటి రెండు వారాలు తలనొప్పి వచ్చింది, తర్వాత పోయింది.

ఇప్పటిదాకా: నడిచిన రోజులు 128, దూరం 655 కి.మీ. వారం సగటు బరువు 90.2. నడుము 102. ఖర్చు 1,190 రూపాయలు (తూకం 1,150, టేపు 40). దెబ్బలు 0.

దశ 2: పెన్న వరద, తర్వాత మడమ (2021 నవంబర్ 19 – 2022 మార్చి)

నవంబర్ 19, 20 తేదీల్లో పెన్నకి వచ్చిన వరద ఈ జిల్లాలో అందరికీ గుర్తుంటుంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే తెగింది. మా వైపు చెరువు గట్లు మునిగి, రైతుల రొయ్యలు నీళ్ళల్లో కలిసిపోయాయి. నా షాపులో బాకీలు నిలిచిపోయాయి. 44 రోజులు నడక లేదు, నిద్ర లేదు, వేళకి తిండీ లేదు. బరువు 93.1కి పెరిగింది.

2022 జనవరి 2న మళ్ళీ మొదలుపెట్టాను. పెరిగిన మూడు కిలోలూ త్వరగా తగ్గించేయాలన్న తొందర. మొదటి రోజే 6.5 కిలోమీటర్లు, అక్టోబర్‌లో నడిచిన వేగంతోనే, అరిగిపోయిన పాత శాండిల్స్‌తోనే. ఊపిరి బాగానే ఆడింది, కాబట్టి సరిపోతుందనుకున్నాను.

తొమ్మిదో రోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే ఎడమ మడమలో మేకు దిగినట్టయింది. గోడ పట్టుకున్నాను. పది అడుగులు వేశాక నొప్పి తగ్గింది, అందుకని ఆ రోజూ నడిచాను. మర్నాడు మొదటి అడుగు ఇంకా ఘోరంగా ఉంది. ఈ నొప్పి గుణమే అంత. రాత్రంతా కాలు కదలక బిగుసుకున్న అరికాలి పట్టీ మొదటి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. కాసేపటికి తగ్గిందని నడిస్తే ముదురుతుంది.

నెల్లూరులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి మూడు సార్లు వెళ్ళాను. ఆవిడ మొదట అడిగింది నడక గురించి కాదు, ఇంట్లో ఏం వేసుకుని తిరుగుతారని. మాది గ్రానైట్ గచ్చు, ఇంట్లో చెప్పులు వేసుకునే అలవాటు లేదు. "అన్నా, నొప్పి తగ్గేదాకా గచ్చు మీద వట్టి కాళ్ళతో ఒక్క అడుగు కూడా వేయొద్దు" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. చివరికి ఇంట్లోకి మాత్రమే వాడే కొత్త మెత్తటి చెప్పులు కొని, వాటితో వాకిలి దాటనని, పూజ గది వైపు వెళ్ళనని చెప్పాక సరేనంది.

ఆవిడ చెప్పిన వ్యాయామం:

1. మెట్టు అంచున నిలబడాలి. వేళ్ళ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, వేళ్ళు పైకి వంగి ఉండేలా చూసుకోవాలి.
2. మూడు సెకన్లలో మడమ పైకి, రెండు సెకన్లు ఆగాలి, మూడు సెకన్లలో కిందికి.
3. 12 సార్లు ఒక సెట్. మూడు సెట్లు. రోజు విడిచి రోజు, రోజూ వద్దు.
4. తేలికైపోయాక వీపుకి బ్యాగు తగిలించుకుని, అందులో బరువు పెంచాలి.

పొద్దున మొదటి అడుగు నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకున్నాను. 1వ వారం 7, 3వ వారం 7, 5వ వారం 5, 8వ వారం 3, 11వ వారం 1. మూడో వారం దాకా ఒక్క మార్కు తగ్గలేదు. అక్కడే చాలామంది వదిలేస్తారు. నేను కూడా ఆ వారం వదిలేద్దామనే అనుకున్నాను, పుస్తకంలో గడులు గీసిపెట్టుకున్నాను కాబట్టి నిలబడ్డాను. ఈ పదకొండు వారాలూ మా వాడి సైకిల్ తొక్కాను, కొంచెం కొంచెం నడిచాను.

ఇప్పటిదాకా: 783 కి.మీ. బరువు 92.6. నడుము 103. ఖర్చు 5,140 (ఫిజియో 1,200, బూట్లు 2,450, ఇంటి చెప్పులు 300 కలిపి). దెబ్బలు 1. తొమ్మిది రోజుల తొందరకి పదకొండు వారాలు పోయాయి.

దశ 3: కంచం (2022 ఏప్రిల్ – సెప్టెంబర్)

మొదట అన్నం పూర్తిగా మానేశాను. రెండు పూటలా చపాతీ, మధ్యలో రాగి జావ. పన్నెండో రోజు రాత్రి షాపు కట్టేసి వచ్చి, గిన్నెలో మిగిలిన చద్దన్నం పచ్చి పులుసుతో కలుపుకుని నిలబడే తినేశాను. ఎంత తిన్నానో కూడా గుర్తులేదు. మొలగొలుకుల వడ్లు పండిన నేల మీద పుట్టి అన్నం మానేద్దామనుకోవడం నాకు కుదిరేది కాదని అప్పుడు అర్థమైంది. మానడం ఆపి, తూచడం మొదలుపెట్టాను.

480 రూపాయల వంటింటి తూకం. మా కుండలో 100 గ్రాముల బియ్యం 285 గ్రాముల అన్నం అవుతుంది. ఎవరి కుండ లెక్క వాళ్ళు చూసుకోవాలి, బియ్యాన్ని బట్టి, ఎసరుని బట్టి మారుతుంది. నా మధ్యాహ్నం కంచంలో 520 గ్రాముల అన్నం ఉండేది, అంటే 182 గ్రాముల బియ్యం. పూటకి 300 గ్రాములకి దించాను. ఒక్కసారిగా కాదు, వారానికి 40 గ్రాముల చొప్పున. అన్నం తగ్గిన చోట కూర, పప్పు పెరిగాయి.

నూనె లెక్క మా ఆవిడ లేకుండా అయ్యేది కాదు. మేం నలుగురం. ప్యాకెట్ కోసిన రోజు దాని మీద తేదీ రాయమన్నాను. నెలకి 5 లీటర్లు తేలింది. తలకి రోజుకి దాదాపు 42 మిల్లీలీటర్లు, అంటే 345 కేలరీలు, కంటికి కనపడకుండా వెళ్ళిపోయేవి. తగ్గిద్దామంటే తను, "పులుసు మీద నూనె తేలకపోతే అదేం పులుసండీ?" అంది. నిజమే. పులుసు జోలికి వెళ్ళలేదు, ఆదివారం పులుసు ఆదివారం పులుసులాగే ఉండాలి. వారంలో మిగతా రోజుల వేపుళ్ళే పట్టుకున్నాం. దొండకాయ, బెండకాయ ముందు ఆవిరి మీద మగ్గించి, తర్వాత ఇనుప మూకుట్లో రెండు స్పూన్లతో వేయించడం. నాలుగు నెలల్లో 3 లీటర్లకి వచ్చింది. తలకి 25 మిల్లీలీటర్లు. అమ్మకి, పిల్లాడికి తేడా తెలియలేదు.

బరువు చకచకా దిగింది, 92.6 నుంచి 84.3కి. ఇక్కడే మూడో తప్పు జరిగింది, అది తూకంలో కనపడలేదు.

సెప్టెంబర్‌లో ఒక రోజు మేత లారీ వచ్చేసరికి దింపే మనుషులు లేరు. మేత సంచి 25 కిలోలు. అంతకుముందు పదీ పన్నెండు సంచులు నేనే భుజాన వేసుకుని లోపల పెట్టేవాణ్ణి. ఆ రోజు మూడో సంచికే చేతులు వణికాయి. నాలుగోది భుజం దాకా రాలేదు, మోకాలి మీదే ఆగిపోయింది. సంచి కింద పెట్టి, మేత దుమ్ము అంటిన అరచేతుల వంక చూస్తూ కాసేపు అక్కడే కూర్చున్నాను. తగ్గిన ఎనిమిది కిలోల్లో కొవ్వు ఒక్కటే పోలేదు, కండ కూడా పోయింది.

ఆ రాత్రి లెక్క వేస్తే నా తిండిలో ప్రొటీన్ రోజుకి 48 గ్రాములు. మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. ఆ లెక్కన చూసినా నాకు 70 కావాలి. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలంటే ఇంకా ఎక్కువ కావాలి. నేను 100 పెట్టుకున్నాను. మూత్రపిండాల సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇలా పెంచకూడదు.

ఒక రోజు ప్రొటీన్ లెక్క, గ్రాముల్లో: మూడు గుడ్లు 18, చేప 200 గ్రాములు 36, కందిపప్పు 60 గ్రాములు 13, పెరుగు 250 గ్రాములు 8, శనగలు 50 గ్రాములు 10, బియ్యం 210 గ్రాములు 15. మొత్తం 100. శనివారం మా ఇంట్లో నీచు ముట్టం. ఆ రోజు 50 గ్రాముల సోయా ముక్కలు 26 గ్రాములు ఇస్తాయి. కార్తీక మాసం అంతా అవే ఆధారం.

ఇప్పటిదాకా: 1,393 కి.మీ. బరువు 84.3. నడుము 95. మూడు నెలల షుగర్ 5.8. ఖర్చు 6,520 (రెండు రక్త పరీక్షలు 900 కలిపి). దెబ్బలు 1. సంచులు: 3.

దశ 4: బరువులెత్తడం (2022 అక్టోబర్ – 2023 నవంబర్)

నెల్లూరులో ఒక జిమ్‌లో రెండు నెలలకి 3,000 కట్టాను. పోను 40 నిమిషాలు, రాను 40 నిమిషాలు. రెండు నెలల్లో వెళ్ళింది 9 సార్లు, సారికి 333 రూపాయలు. జిమ్ తప్పేం లేదు, నా షాపు వేళలకి అది కుదరదు. మేడ మీదే ఏర్పాటు చేసుకున్నాను.

ఇసుక మూట తయారీ:

1. ఖాళీ మేత సంచులు రెండు, ఒకదానిలో ఒకటి.
2. ఇసుక టార్పాలిన్ మీద పోసి రెండు రోజులు ఎండలో ఆరబెట్టి జల్లెడ పట్టాలి. రాళ్ళుంటే సంచి చిరుగుతుంది.
3. నిండా నింపకూడదు. మూడోవంతు ఖాళీ ఉంటేనే చేతికి పట్టు దొరుకుతుంది.
4. మూతి మెలితిప్పి, మడిచి, నైలాన్ తాడుతో రెండు చోట్ల బిగించాలి.
5. 10, 15, 20, 25 కిలోల మూటలు వేరువేరుగా చేసి, పైన మార్కర్‌తో అంకె రాయాలి.

ఇక్కడ ఒక మెట్టు వదిలేశాను. అదేంటో తర్వాతి దశలో వస్తుంది.

మూటని నేల మీంచి కౌగిలించుకుని ఎత్తి, నిలబడి, దించడం. మూట పట్టుకుని గుంజీళ్ళు. వంగి మూటని పొట్ట దాకా లాగడం. వీటితో పాటు దండీలు. వారానికి మూడు రోజులు.

వేలాడటానికి రెండు స్తంభాల మధ్య జీఐ పైపు బిగించాను. గట్టిగా ఉండాలని ఒకటిన్నర అంగుళం పైపు వేయించాను, వెల్డింగ్‌తో కలిపి 1,350. దాని బయటి లావు 48 మిల్లీమీటర్లు. వేళ్ళు చుట్టూ తిరగవు, 11 సెకన్లకే చేతులు జారాయి. నా చేతుల్లో బలం లేదనుకుని మూడు నెలలు దాని మీదే తంటాలు పడ్డాను. ఒకసారి ప్లంబర్ దగ్గర అంగుళం పైపు ముక్క చూసి, అది చేతిలో పట్టుకున్నాక అనుమానం వచ్చింది. 780 పెట్టి అదే బిగించాను, బయటి లావు 33 మిల్లీమీటర్లు. అదే రోజు 34 సెకన్లు వేలాడాను. 2023 ఆగస్టు 20న గడ్డం పైపు దాటింది, మొదటి పుల్‌అప్.

అదే ఏడాది ఫిబ్రవరిలో చెల్లెలి కూతురి పెళ్ళి పనుల్లో 16 రోజులు మానేశాను. మళ్ళీ మొదలుపెట్టిన ఆరో రోజు దండీలు తీస్తుంటే కుడి భుజం పట్టేసింది. ఐదు వారాలు చెయ్యి తల పైకి లేవలేదు. అప్పుడు కూడా రెండిటికీ ముడి పెట్టలేదు. పెళ్ళిలో సామాన్లు మోసినందుకే అనుకున్నాను.

ఇప్పటిదాకా: 2,413 కి.మీ. బరువు 83.1, ఏడాదిలో 1.2 కిలోలే తగ్గింది. నడుము మాత్రం 95 నుంచి 91కి వచ్చింది. ఆ నెలల్లో టేపు లేకపోతే తూకాన్ని నమ్మి అన్నీ వదిలేసేవాణ్ణి. ఖర్చు 11,870. దెబ్బలు 2. సంచులు: 14.

దశ 5: మిచాంగ్, నడుము (2023 డిసెంబర్ – 2024 డిసెంబర్)

మిచాంగ్ తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు మా తీరం వెంటే వచ్చింది. వాన, గాలి, కరెంటు లేదు. సరుకు తడవకుండా చెక్కల మీదకి ఎత్తుకోవడం, తర్వాత రైతుల చెరువుల పని. 24 రోజులు మేడ ఎక్కలేదు.

డిసెంబర్ 27 పొద్దున నవంబర్‌లో ఆపిన చోటే అందుకున్నాను. 20 కిలోల మూట, ఎనిమిదేసి సార్లు, ఐదు సెట్లు. మూడో సెట్‌లో ఐదోసారి ఎత్తుతుంటే నడుము కింది భాగంలో పట్టేసింది. మూట వదిలేశాను. వంగలేను, నిటారుగా నిలబడలేను. మేడ మెట్లు కూర్చుని ఒక్కొక్కటే దిగాను.

డాక్టర్ మొదట అడిగినవి అందరూ గుర్తుపెట్టుకోవాలి. కాలు మొద్దుబారిందా, కాల్లో బలం తగ్గిందా, మలమూత్రాలు అదుపు తప్పాయా, తొడల మధ్య స్పర్శ పోయిందా. వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. నాకు ఏదీ లేదు, కండరం పట్టుకుంది. మంచం పట్టొద్దని, నొప్పి ఓర్చుకోగలిగినంతలో రెండో రోజు నుంచే ఇంట్లో నడవమని చెప్పారు. నాలుగు వారాల్లో మామూలైంది.

కానీ 20 కిలోలు నాకు కొత్త కాదు, మార్చి నుంచి ఎత్తుతున్నాను. అది బుర్రలో తిరుగుతూనే ఉంది. మూడో రోజు మా వాడి చేత మూట కిందికి తెప్పించి షాపు కాటా మీద పెట్టించాను.

23.4 కిలోలు.

మూటలు మేడ మెట్ల గది గోడ పక్కన కింద పెట్టి ఉన్నాయి. తుఫాను జల్లు తలుపు కింద నుంచి వచ్చి, సంచి అల్లికలోంచి ఇసుకలోకి దిగింది. పైపైన చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంది. మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చితే లోపల చల్లగా, పిండి ముద్దలా పట్టుకుంది. 3.4 కిలోల నీళ్ళు. రొయ్యల మేతకి తేమ తగలకుండా రోజూ జాగ్రత్త పడేవాణ్ణి, ఇసుక కూడా నీళ్ళు తాగుతుందని తట్టలేదు.

వదిలేసిన మెట్టు ఇదీ: లోపలి సంచిలో మందమైన ప్లాస్టిక్ కవర్ పెట్టి, ఇసుక అందులో పోసి, కవర్ మూతి వేరుగా కట్టాలి. మూటలు బల్ల మీద పెట్టాలి. వానల నెలల్లో ఎత్తే ముందు తూకం వేయాలి.

తప్పంతా ఇసుకదేనని వదిలేసేవాణ్ణి. కానీ మంచం మీద ఖాళీగా ఉండి పాత పుస్తకాలు తిరగేశాను. మూడు దెబ్బలూ ఒక కాగితం మీద రాశాను.

మడమ: 44 రోజులు ఆగాక, 9వ రోజు.
భుజం: 16 రోజులు ఆగాక, 6వ రోజు.
నడుము: 24 రోజులు ఆగాక, 1వ రోజు.

ఆపకుండా చేసిన నెలల్లో దెబ్బ ఒక్కటీ లేదు. ప్రతిసారీ ఆపిన చోటే మొదలుపెట్టాను. ఫిజియో ఆవిడని అడిగితే విడమరిచి చెప్పారు. కండరం, ఊపిరి త్వరగా తిరిగొస్తాయి, కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే బంధనాలు నిదానంగా గట్టిపడతాయి. కండరం చేయగలనంటుంది, దాన్ని పట్టుకున్న బంధనం ఇంకా సిద్ధంగా ఉండదు.

ఆ కాగితం వెనక రాసుకున్న రూలు (ఇది నా ఒంటికి నేను పెట్టుకున్నది):

1. వారం లోపు ఆగితే: ఒక సెట్ తగ్గించి, మూడు రోజులు.
2. వారం నుంచి మూడు వారాలు ఆగితే: మొదటి వారం సగం, రెండో వారం ముప్పావు.
3. మూడు వారాలు దాటితే: మూడోవంతుతో మొదలుపెట్టి, నాలుగు వారాల్లో పూర్తిగా.
4. జ్వరం వస్తే: జ్వరం పూర్తిగా తగ్గి రెండు రోజులు అయ్యాకే మొదటి రోజు.
5. బరువులో సగం అంటే కిలోలు, సెట్లు గుణించి చూడాలి. నడకలో సగం అంటే దూరం.
6. ఎంత తేలిగ్గా అనిపించినా పెంచకూడదు.

ఆరోది అన్నిటికన్నా కష్టం. సగంలో ఆపేసి మేడ దిగుతుంటే రోజు వృథా అయినట్టు ఉంటుంది. 2024లో నాలుగు సార్లు ఆగాను: ఏప్రిల్‌లో రొయ్యల పట్టుబడికి 9 రోజులు, జూన్‌లో బంధువుల పెళ్ళిళ్ళకి 15, సెప్టెంబర్‌లో జ్వరంతో 19, డిసెంబర్ వానలకి 8. నాలుగు సార్లూ రూలు ప్రకారమే. దెబ్బలు సున్నా.

ఎండ గురించి ఒక మాట. మే నెలలో రోహిణీ కార్తె ముందు నుంచీ 4.45కే బయల్దేరేవాణ్ణి. అయినా ఒక రోజు నడక ముందు, తర్వాత తూకం వేస్తే 70 నిమిషాల్లో 1.1 కిలోలు తగ్గింది. అదంతా చెమట, లీటరు పైమాట. తల తిరిగిన రోజులు ఆ నెలలో రెండు ఉన్నాయి. అప్పటి నుంచి అర లీటరు నీళ్ళు వెంట, వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ కలిపితే లీటరు ప్యాకెట్‌ని మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పోసి కలపకూడదు.

ఇప్పటిదాకా: 3,318 కి.మీ. బరువు 80.4. నడుము 89. ఖర్చు 16,270. దెబ్బలు 3. సంచులు: 20 దింపి ఆపాను, లారీలో అంతే ఉన్నాయి.

దశ 6: నిద్ర (2025)

ఈ ఏడాది కొత్తగా పట్టుకున్నది ఇదొక్కటే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి, రైతు ఆ టైమ్‌లో ఫోన్ చేయకపోతే ఎవరికి చేస్తాడు? సీజన్‌లో వారానికి నాలుగు రాత్రులు మూడింటికే లేచేవాణ్ణి. పన్నెండు వారాలు నిద్ర గంటలు రాశాను. సగటు ఆరున్నర గంటలు దాటిన ఆరు వారాల్లో వ్యాయామం ఒక్క రోజే తప్పింది, ఐదున్నర కన్నా తగ్గిన ఆరు వారాల్లో ఏడు రోజులు. తక్కువ నిద్ర వారాల్లో టీలు మూడు నుంచి ఐదుకి పెరిగాయి, రాత్రి మిక్చర్ పొట్లం కూడా వచ్చి చేరింది. షాపు కుర్రాడికి కొంత జీతం పెంచి, రోజు మార్చి రోజు రాత్రి ఫోన్ అతని దగ్గర పెట్టాను. రైతులు మొదట కష్టపెట్టుకున్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు.

జూలైలో మూడు నెలల షుగర్ 5.6. ఎత్తుకి బరువు లెక్కలో (బీఎంఐ) ఇంకా 27.6 దగ్గరే ఉన్నాను, మనవాళ్ళ కొలత ప్రకారం 25 దాటితే ఊబకాయమే. దాన్ని దాచను. నడుము 88, 90 కిందే నిలబడింది, దాన్ని కాపాడుకుంటున్నాను.

ఇప్పటిదాకా: 4,158 కి.మీ. బరువు 79.8. ఖర్చు 19,620. దెబ్బలు 3.

2025 నవంబర్ 6, గురువారం

అక్టోబర్ ఆఖరి వానలకి 15 రోజులు ఆగింది. నిన్న కార్తీక పౌర్ణమి ఉపవాసం, ఇవాళ మొదటి రోజు. రూలు 2 ప్రకారం సగం.

1. నడక 6.5కి బదులు 3.2 కి.మీ. గట్టు మీద బురద, బూట్లు జారాయి, రెండో లాకు దగ్గరే వెనక్కి తిరిగాను.
2. ఆగే ముందు 25 కిలోలు, 5 సెట్లు, గుణిస్తే 125. ఇవాళ 15 కిలోలు, 4 సెట్లు, 60.
3. 15 కిలోల మూట కాటా మీద 15.1. కవర్ లోపల ఇసుక పొడిగా ఉంది.
4. నొప్పి మార్కులు: మడమ 0, భుజం 0, నడుము 1.
5. రాత్రి సోయా కూర.

శనివారం కూడా ఇంతే: 3.2, 15 కిలోలు, 4 సెట్లు. ముందు మూట తూచాలి.